షియాన్‌లో మూడు పగళ్ళు, వేంగి ఊసు

(ఏలూరులో ఒక గ్రంథాలయం నెలవారీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. పెద్దలు చాలామంది వచ్చారు, కాలేజీ పిల్లలూ కనిపిస్తున్నారు, సంతోషం.

నా వృత్తి మీలో కొందరికి తెలుసు. రైసు మిల్లులకి మిషన్లు తెప్పించడం, బిగించడం, పాడైతే బాగు చెయ్యడం. పోయిన అక్టోబర్ నెలాఖరులో ఆ పని మీదే చైనా వెళ్ళాను. జెంగ్‌జౌ అనే పెద్ద ఊరు, హెనాన్ రాష్ట్రానికి రాజధాని. అక్కడ ఒక ఫ్యాక్టరీలో మిషను ట్రయల్ చూసి, సరే అనుకుంటే ఆర్డరు ఇచ్చి రావాలి. మంగళవారం సాయంత్రం వాళ్ళు చెప్పారు, ట్రయల్ శనివారానికి మారింది, ఒక మోటారు ఇంకా రాలేదు అని. అంటే మధ్యలో మూడు రోజులు నాకు పనిలేదు. హోటల్ గదిలో కూర్చుని ఫోన్‌లో రైళ్ళు చూస్తుంటే షియాన్ అన్న పేరు కనిపించింది. దూరం 500 కిలోమీటర్లు, ప్రయాణం రెండు గంటల పైచిలుకు. మన ఏలూరు నుంచి హైదరాబాద్ వెళ్ళడం కన్నా తక్కువ టైము. ఆ రాత్రే టికెట్ తీసుకున్నాను.

నేనేమీ చదువుకుని వెళ్ళలేదు. షియాన్ అంటే మట్టి సైనికులు ఉన్న ఊరు, అంతవరకే తెలుసు. అందుకే ఇవాళ మీకు చెప్పేది గైడు చెప్పే వరస కాదు. నాకు ఏది ఎలా ఎదురైందో అలా చెబుతాను. కానీ ఒక విషయం కోసమే ఈ సభకి ఒప్పుకున్నాను. అది మన ఊరికి సంబంధించింది. అక్కడికి వస్తాను.

ముందు రైలు సంగతి. చైనాలో రైల్వే వాళ్ళ యాప్ ఇంగ్లీషులో కూడా ఉంది. పాస్‌పోర్ట్ నంబరు ఇస్తే టికెట్ దాని మీదే రాస్తారు, కాగితం ఉండదు. అక్కడి వాళ్ళు గుర్తింపు కార్డు గేటు మీద పెట్టి వెళ్ళిపోతారు. మనకి పక్కన మనిషి ఉన్న గేటు ఉంటుంది, పాస్‌పోర్ట్ చూపిస్తే పంపిస్తారు. స్టేషన్లు విమానాశ్రయాల్లా ఉంటాయి, సామాను తనిఖీ ఉంటుంది, కాబట్టి ముప్పావు గంట ముందు వెళ్ళాలి. బుధవారం పొద్దున్నే ఎక్కాను. మధ్యలో లుయోయాంగ్ అని ఒక స్టేషన్ వచ్చింది, బయట పొలాలు, దూరంగా కొండలు. ఆ దగ్గర్లోనే చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ పుట్టాడని నాకు అప్పటికి తెలియదు. తెలిసి ఉంటే కిటికీలోంచి ఇంకొంచెం శ్రద్ధగా చూసేవాణ్ణి. తరవాత సొరంగాలు, పసుపు రంగు మట్టి గట్లు. ఆ మట్టిని చూడాలి మీరు. గాలికి కొట్టుకొచ్చి వేల ఏళ్ళుగా పేరుకున్న దుమ్ము అది, కత్తితో కోసినట్టు నిలువుగా నిలబడుతుంది. పసుపు నదికి ఆ రంగు ఆ మట్టి వల్లే వచ్చింది.

షియాన్‌లో దిగాక మొదట దెబ్బ తగిలింది. ఫోన్‌లో బుక్ చేసిన చిన్న హోటల్‌కి వెళితే, కౌంటర్ దగ్గరున్న అబ్బాయి పాస్‌పోర్ట్ అటూ ఇటూ తిప్పి చూసి, ఫోన్‌లో ఏదో టైపు చేసి అనువాదం చూపించాడు. విదేశీయుల్ని చేర్చుకోవడం మాకు వీలు కాదు అని ఉంది. అక్కడ ప్రతి విదేశీయుడి వివరాలూ హోటల్ వాళ్ళు పోలీసు శాఖకి నమోదు చెయ్యాలి. ఆ పని రాని చోట్ల, అలవాటు లేని చోట్ల వద్దంటారు. డబ్బు తిరిగి రావడానికి రెండు రోజులు పట్టింది. మధ్యాహ్నం ఒంటిగంట, భుజాన సంచి, భాష రాదు, టెన్షన్ గానే ఉంది. ఆ పక్క షాపులో పళ్ళు అమ్ముతున్న ఒకావిడ నన్ను చూసి, స్టూలు జరిపి కూర్చోమంది. చేతిలో ఒక పండు పెట్టింది. చిన్న టమాటాలా ఎర్రగా, తొక్క పల్చగా, లోపల జావలా తియ్యగా ఉంది. పెర్సిమన్ అంటారే, ఆ పండు. షియాన్ పక్కనే లిన్‌టోంగ్‌లో పండే రకం, శరత్కాలంలో వస్తుంది. ఆవిడ నా ఫోన్ తీసుకుని మ్యాప్‌లో ఇంకో హోటల్ చూపించింది. అక్కడ ఐదు నిమిషాల్లో గది ఇచ్చారు. ఎవరైనా వెళితే నేను చెప్పే మాట ఒకటే, బుక్ చేసే ముందు విదేశీయుల్ని తీసుకుంటారా లేదా అని ఆ హోటల్ వాళ్ళనే అడగండి.

సాయంత్రం కోటగోడ ఎక్కాను. ఊరి నడిబొడ్డున, చుట్టూ తెగకుండా నిలిచిన గోడ అది. చుట్టుకొలత దాదాపు 14 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్లు. పైన వెడల్పు కూడా అంతే ఉంటుంది, అంటే రెండు లారీలు పక్కపక్కన పోవచ్చు. మింగ్ వంశం వాళ్ళు 1370ల్లో కట్టారు. లోపల దిమ్మిస కొట్టిన మట్టి, పైన ఇటుక. ఆ ఇటుక తొడుగు తరవాత రెండు వందల ఏళ్ళకి వేశారు. దక్షిణ ద్వారం దగ్గర సైకిళ్ళు అద్దెకి ఇస్తారు. నేను సైకిల్ తీసుకుని ఊరంతా చుట్టి వచ్చాను. ఒక పక్క బూడిద రంగు పెంకుటిళ్ళు, ఇంకో పక్క అపార్ట్‌మెంట్లు. చీకటి పడ్డాక గోడ పొడుగునా దీపాలు వెలిగాయి.

ఇక్కడ ఒక సంగతి నన్ను ఆపేసింది. గోడ మీద ఒక బోర్డు ఉంది, పాత ఊరి పటం, దాని మీద ఇప్పటి గోడ గీత. ఈ 14 కిలోమీటర్ల గోడ లోపలి జాగా, తాంగ్ వంశం నాటి చాంగాన్ నగరంలో ఏడో వంతు కూడా కాదు! షియాన్‌కి పాత పేరే చాంగాన్. ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో అది 84 చదరపు కిలోమీటర్ల ఊరు. చదరంగం బల్లలా నూటికి పైగా పేటలు, ప్రతి పేటకీ ప్రహరీ, రాత్రయితే తలుపులు మూసేవాళ్ళు. లోకంలో అంత పెద్ద ఊళ్ళు అప్పుడు ఎన్నో లేవు. 904లో జూ వెన్ అనే సేనాపతి చక్రవర్తిని లుయోయాంగ్‌కి తరలించాడు. తరలించడమంటే మనుషుల్నే కాదు. రాజభవనాలూ ఇళ్ళూ విప్పించి, దూలాలు వెయ్ నదిలో వేసి, నీళ్ళ మీద తేల్చుకుంటూ పోయాడు. జనం ఏడుస్తూ వెంట నడిచారు. ఊరు ఊరే పడవెక్కి పోయినట్టు. పొద్దున నేను రెండు గంటల్లో వచ్చిన దారే అది, ఎదురు దిక్కున. చెక్కతో కట్టినవన్నీ అలా పోయాయి. నిలిచినవి ఇటుకవి, రాతివి. అంటే స్తూపాలు, శాసనాలు.

తిండి గురించి అడుగుతారని తెలుసు. ముందు వరసలో అమ్మలు కూర్చున్నారు కదా, ఒకటి వివరంగా చెబుతాను. యోపో మియెన్ అని నూడుల్స్. గోధుమ పిండి ముద్దని చేతుల మధ్య సాగదీసి, బల్లకేసి కొడతారు. నడుముకి కట్టే బెల్టంత వెడల్పు నూడుల్ వస్తుంది. ఉడకబెట్టి గిన్నెలో వేసి, పైన కొంచెం ఉల్లికాడ, వెల్లుల్లి, దాని మీద గుప్పెడు ఎండుమిర్చి కారం కుప్పగా పోస్తారు. అప్పుడు పొగలు కక్కుతున్న నూనె గరిటెతో తెచ్చి, ఆ కారం మీద పోస్తారు. చుయ్యిమని మోగుతుంది. ఆ వాసన ముక్కుకి తగలగానే నాకు మా ఇంటి వంటగది గుర్తొచ్చింది. మనం తాలింపు వేస్తాం, వాళ్ళు గిన్నెలోనే వేస్తున్నారు, తేడా అంతే. కింద నల్ల వెనిగర్ ఉంటుంది, బాగా కలుపుకుని తినాలి. మాంసం లేకుండా చెయ్యమంటే చేస్తారు. ఇలాంటి వెడల్పు నూడుల్స్‌కే బియాంగ్‌బియాంగ్ అని ఇంకో పేరు, ఆ బియాంగ్ అన్న ఒక్క అక్షరం రాయడానికి 50కి పైగా గీతలు గియ్యాలి. హోటళ్ళ గోడల మీద పెద్దగా రాసి పెడతారు.

మాంసం తినేవాళ్ళకి పావోమో. గట్టి రొట్టె ఒకటి, ఖాళీ గిన్నె ఒకటి ఇస్తారు. రొట్టెని మనమే చేత్తో సెనగ గింజలంత ముక్కలుగా తుంచుకోవాలి. తుంచేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. పక్క బల్ల దగ్గరి తాత నా ముక్కలు పెద్దగా ఉన్నాయని చెయ్యి అడ్డంగా ఊపి, ఆయనవి చూపించాడు. తుంచాక గిన్నె వంటింట్లోకి పోతుంది, వేట మాంసం పులుసులో ఉడికి తిరిగి వస్తుంది. పక్కన తియ్యటి ఊరగాయ వెల్లుల్లి. ఇదంతా హుయ్ ముస్లింల పేటలో. వాళ్ళ పెద్ద మసీదు చూసి తీరాలి. బయటి నుంచి చూస్తే చైనా ఉద్యానవనంలా ఉంటుంది, పెంకుల చూరు మండపమే మినారు. ఇప్పుడున్న కట్టడం మొదలుపెట్టింది 1392లో.

రెండో రోజు. గురువారం పొద్దున్న రాష్ట్ర చరిత్ర మ్యూజియం చూద్దామనుకున్నాను. ముందే ఆన్‌లైన్‌లో రిజర్వేషన్ చేసుకోవాలి, ఆ రోజువి అయిపోయాయి. సరే, ఊళ్ళో పేరున్న పెద్ద గోపురం ఉంది కదా, అటు పోదాం అనుకుని మెట్రో ఎక్కాను. దాయెన్‌తా స్టేషన్. పెద్ద అడవి బాతు గోపురం అని దాని పేరుకి అర్థం. ఏడంతస్తులు, 64 మీటర్లు, ఇటుక కట్టడం, కొద్దిగా ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. ముందు చౌకులో ఒక సన్యాసి విగ్రహం, చేతిలో కర్ర, ముందుకి అడుగు వేస్తున్నట్టు. నేను అక్కడ ఫొటోలు తీసుకుంటున్న ఒకాయన్ని అడిగాను, హ్యూయన్‌త్సాంగా అని. ఆయనకి అర్థం కాలేదు. నాలుగు రకాలుగా పలికాను, అయినా కాలేదు. ఆఖరికి ఫోన్‌లో రాసి చూపిస్తే, "ఆ! షువాన్‌జాంగ్! షువాన్‌జాంగ్!" అని విగ్రహానికి చేతులు జోడించాడు.

మా హైస్కూల్లో సోషల్ మాస్టారు హ్యూయన్‌త్సాంగ్, ఫాహియాన్, ఇత్సింగ్ అని మూడు పేర్లు బట్టీ పట్టించారు. హర్షుడి కాలంలో వచ్చాడు, నలందాలో చదివాడు, రెండు మార్కులు. ఆ రెండు మార్కుల మనిషి గుడి ముందు నేను నిలబడి ఉన్నానని అప్పుడు తెలిసింది.

ఆయన కథ కొంచెం చెప్పుకుందాం. సరిహద్దులు దాటకూడదని ఆంక్ష ఉన్న రోజుల్లో, 629 ప్రాంతంలో, అనుమతి లేకుండా చాంగాన్ నుంచి పడమటికి బయలుదేరాడు. ఎడారి దాటాడు, మంచు కొండలు దాటాడు, మన దేశమంతా తిరిగాడు. తిరిగి 645లో చాంగాన్ చేరాడు. ఇరవై గుర్రాల మీద 657 గ్రంథాలు తెచ్చాడు. దారిలో సింధు నది దాటుతుంటే పడవ తూలి కొన్ని తాళపత్రాలు, మన దేశం నుంచి పట్టుకెళుతున్న పూల విత్తనాలు నీళ్ళ పాలయ్యాయి. పోయిన ప్రతులు మళ్ళీ రాయించి తెప్పించుకునే దాకా ఆగాడు. ఆ గ్రంథాలు చెదిరిపోకుండా, నిప్పు తగలకుండా దాచడానికే 652లో ఈ గోపురం మొదలైంది. మట్టి తట్టలు, ఇటుకలు ఆయన స్వయంగా మోశాడని ఆయన శిష్యుడు రాసిన జీవితచరిత్రలో ఉంది. అప్పటికి ఆయనకి యాభై ఏళ్ళు. మిగిలిన బతుకంతా అనువాదమే. 664లో పోయే నాటికి 75 గ్రంథాలు, 1,335 సంపుటాలు చైనా భాషలోకి తెచ్చాడు.

గోపురం వెనక ఆయన పేరు మీద కట్టిన మందిరం ఉంది, గోడల నిండా ఆయన జీవిత ఘట్టాలు చెక్కిన పలకలు. జనం గోపురం ఎక్కి దిగి వెళ్ళిపోతారు, ఇటు పెద్దగా రారు. నేను తీరిగ్గా ఉన్నాను, ఎవరూ తొందరపెట్టేవాళ్ళు లేరు, కాబట్టి ఒక్కో పలకా చూస్తూ యాత్రాపటం దగ్గర ఆగాను. దారి గీత ఉత్తరాన దిగి, గంగ వెంట తూర్పుకి పోయి, బెంగాల్ నుంచి సముద్రం అంచునే కిందకి వచ్చింది. ఒరిస్సా, కళింగం. అక్కణ్ణుంచి లోపలికి ఒక వంపు తిరిగి, మళ్ళీ తూర్పు తీరానికి వచ్చి, కృష్ణా గోదావరుల మధ్య ఒక చుక్క. పక్కన చైనా అక్షరాలు.

నా వెనక ఒక అమ్మాయి నిలబడి నోట్సు రాసుకుంటోంది. యూనివర్సిటీలో చరిత్ర చదువుతోందట, ఇంగ్లీషు వచ్చు. ఈ చుక్క పేరు చదివి పెట్టమ్మా అని అడిగాను. "అన్‌దాలువో" అంది.

ఒక్క క్షణం పట్టింది నాకు. అన్‌దాలువో. ఆంధ్ర!

అది మా ఊరు అన్నాను. మా ప్రాంతం కాదు, మా ఊరే అన్నాను, అలాగే వచ్చేసింది నోటికి. ఆ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి, పదండి అని గుడి పుస్తకాల కొట్టుకి తీసుకెళ్ళింది. షువాన్‌జాంగ్ తన యాత్ర గురించి 646లో చెప్పి రాయించిన గ్రంథం అక్కడ ఉంది, పశ్చిమ దేశాల వృత్తాంతం. పన్నెండు సంపుటాలు ఒకే పుస్తకంగా కుట్టారు. పదో సంపుటం తీసి, నిలబడే ఒక్కో వాక్యం నాకు ఇంగ్లీషులో చెప్పింది. నేను తెలుగులో రాసుకున్నాను. ఇంటికి వచ్చాక ఇంగ్లీషు అనువాదంతో సరిచూసుకున్నాను కూడా. దాని సారం చెబుతాను, వినండి.

ఆంధ్ర దేశం చుట్టుకొలత మూడు వేల లీలు. లీ అంటే వాళ్ళ దూరపు కొలత, అర కిలోమీటర్‌కి కొంచెం అటూ ఇటూ. రాజధాని చుట్టుకొలత ఇరవై లీలు, పేరు పింగ్‌చీలువో. పండితులు దీన్ని వేంగీపురం అని గుర్తించారు. అంటే మన పెదవేగి. ఈ సభ జరుగుతున్న చోటు నుంచి ఆటోలో పోయేంత దూరం. నేల సారవంతం, ధాన్యం పుష్కలంగా పండుతుంది. ఎండ ఎక్కువ. మనుషులు దుడుకు స్వభావం వాళ్ళు. ఇరవై సంఘారామాలు, అంటే బౌద్ధ విహారాలు, మూడు వేల మంది భిక్షువులు. ముప్పై దేవాలయాలు. ఇంకొక్క మాట ఉంది. వీళ్ళ భాష, మాటల కూర్పు మధ్య భారతం భాషకి వేరు, అక్షరాల ఆకారం మాత్రం దాదాపు అదే.

అయ్యా, ఇది 639 ప్రాంతపు మాట. తెలుగు వాక్యాలతో మనకి దొరికిన పాత శాసనాల్లో మొదటిది, కడప జిల్లా కలమళ్ళది, సుమారు 575 నాటిది. అంటే మన భాష రాతికి ఎక్కిన అరవై, డెబ్బై ఏళ్ళకే ఒక పరదేశి వచ్చి, వీధుల్లో మన మాట చెవిన వేసుకుని, ఇది వేరే భాష, లిపి మాత్రం దగ్గరగా ఉంది అని గమనించి రాసుకున్నాడు. ఇటు వేంగిలో కుబ్జ విష్ణువర్ధనుడు తూర్పు చాళుక్య రాజ్యం నిలిపి ఇరవై ఏళ్ళు కూడా కాని రోజులు అవి.

ఇక ధాన్యం పుష్కలం అన్న మాట. నేను ఆ ధాన్యం మీద బతికేవాణ్ణి. మా నాన్న గుమస్తాగా మిల్లులో బస్తాలు లెక్కపెట్టాడు, నేను మిల్లులకి మిషన్లు తెస్తున్నాను. ఆ మిషన్ల కోసం వెళ్ళిన దేశంలో, మన గింజ గురించి పధ్నాలుగు వందల ఏళ్ళ కిందట రాసిన వాక్యం ఒక పరాయి అమ్మాయి చదివి వినిపించింది. నాకు గొంతు పట్టేసింది. ఆ పిల్ల కంగారుపడి మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

అంతటితో అయిపోలేదు. వేంగి నుంచి ఆయన దక్షిణంగా ధాన్యకటకం వెళ్ళాడు, మన అమరావతి. తూర్పు కొండ మీద పూర్వశైల, పడమర అపరశైల విహారాలు చూశాడు. అప్పటికే చాలావరకు పాడుబడ్డాయని రాశాడు. అయినా అక్కడ కొన్ని నెలలు ఆగి, ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘికులనే బౌద్ధ శాఖ వాళ్ళ అభిధర్మం, అంటే తత్త్వశాస్త్రం, చదువుకున్నాడు, తనకి తెలిసిన మహాయాన శాస్త్రాలు వాళ్ళకి చెప్పాడు. అక్కడే భావవివేకుడి కథ విన్నాడు. నాగార్జునుడి మార్గంలో పెద్ద తార్కికుడు ఆయన. రాబోయే బుద్ధుడు మైత్రేయుడు వచ్చేదాకా బతికి ఉండాలని తపస్సు చేసి, ఆవాలు మంత్రించి కొండ మీద వేస్తే కొండ తెరుచుకుందట, లోపలికి నడిచి వెళ్ళాడట. కథ సంగతి అలా ఉంచండి. ఆ భావవివేకుడు రాసిన కరతలరత్నం అనే చిన్న గ్రంథాన్ని షువాన్‌జాంగ్ 649లో చైనా భాషలోకి మార్చాడు. సంస్కృత మూలం ఇవాళ లేదు. మన కృష్ణ ఒడ్డున తలుచుకున్న పండితుడి మాట, చాంగాన్‌లో చేసిన అనువాదం వల్ల మిగిలింది.

అంతకు ముందు 401లో కుమారజీవుడనే బౌద్ధ పండితుడు ఇదే ఊరికి వచ్చి, నాగార్జునుడి మధ్యమక శాస్త్రాన్ని చైనా భాషలో పెట్టాడు. వాళ్ళు నాగార్జునుణ్ణి లోంగ్‌షూ అంటారు. డ్రాగన్ వృక్షం అని. నాగుపాము వాళ్ళ నోట డ్రాగన్ అయింది, అర్జున వృక్షం వృక్షంగానే మిగిలింది. ఆ పేరు గుళ్ళలో ఈ రోజుకీ భక్తిగా పలుకుతారు.

ఏమిటండీ మాస్టారూ? వెనక వినపడటం లేదా? మైకు దగ్గరగా పెట్టుకుంటాను.

ఆ మధ్యాహ్నం బెయిలిన్ వెళ్ళాను, శిలల అడవి అని అర్థం. 1087 నుంచి రాతి శాసనాలు పోగుచేసిన చోటు. ఇందాక చెప్పాను కదా, ఊరు చిన్నదైపోయి గోడ కుంచించుకుపోయాక, పాత శాసనాలు గోడ బయట ఎండకీ వానకీ పడి ఉంటే, తెచ్చి ఒకచోట నిలబెట్టారు. 837లో చెక్కిన శాస్త్ర గ్రంథాలు ఉన్నాయి, 114 బండలు, రెండు వైపులా అక్షరాలే. చేతి రాతలో తప్పులు దొర్లకుండా ఉండటానికి రాతి మీద చెక్కి రాజధాని విద్యాపీఠంలో పెట్టారు. ఎవరైనా వచ్చి తమ ప్రతి సరిచూసుకోవచ్చు. 781 నాటి ఇంకో బండ మీద పైన శిలువ, పక్కన సిరియాక్ లిపి. పశ్చిమాసియా క్రైస్తవులు అప్పటికే అక్కడ ఉన్నారు.

ఒక గదిలో ఒకతను అచ్చు తీస్తున్నాడు. గంటసేపు నిలబడిపోయాను. పల్చటి కాగితం తడిపి రాతి మీద పరిచాడు. మెత్తటి బ్రష్‌తో గాలి బుడగలు లేకుండా అదిమాడు. తరవాత చిన్న బ్రష్‌తో అక్షరాల గాడుల్లోకి కాగితం దిగేలా తడుతూ పోయాడు, టకటకటక, ఒకే తాళంలో. కాగితం సగం ఆరేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎంతసేపు ఆగాలో వేలితో ముట్టుకుని చూసుకుంటున్నాడు. ఆపైన గుడ్డ మూటకి సిరా అంటించి, ముందు ఒక పలక మీద అద్ది ఎక్కువ సిరా తీసేసి, అప్పుడు కాగితం మీద. మొదట పొగలా బూడిద రంగు, రెండోసారికి ముదురు, మూడోసారికి నలుపు, మధ్యలో అక్షరాలు తెల్లగా పైకి తేలాయి. మన శాసన పరిశోధకులు కూడా ఇలాగే అచ్చు తీస్తారు. మన పొలాల్లో, గుడి మెట్ల కింద, బట్టలుతికే రాళ్ళుగా పడి ఉన్న శాసనాలు ఎన్నో మీకు తెలుసు. ఊళ్ళో అలాంటి రాయి చూస్తే, దయచేసి సున్నం వెయ్యనివ్వకండి. పురావస్తు శాఖకి ఒక ఉత్తరం రాయండి. ఈ మాట చేతులు జోడించి అడుగుతున్నాను.

మూడో రోజు మట్టి సైనికులు. దాని గురించి మీకు టీవీలోనే చాలా తెలుసు, కాబట్టి తక్కువ చెబుతాను. 1974 మార్చిలో రైతులు కరువుకి బావి తవ్వుతుంటే బయటపడ్డాయి. మొదటి గొయ్యి 230 మీటర్ల పొడవు. జనం విపరీతం, ముందు వరసకి చేరడానికే అరగంట. సైనికుల ముఖాల కన్నా నన్ను పట్టుకున్నది వెనక మూల. అక్కడ ముక్కలు అలాగే పడి ఉన్నాయి, చేతులు, గుర్రం తలలు, మట్టిలో సగం కూరుకుని. నిలబడి కనిపించే ప్రతి సైనికుడూ అలాంటి ముక్కల్లోంచి అతికినవాడే. వాటి మీద రంగులు ఉండేవట, తవ్విన నిమిషాల్లోనే గాలి తగిలి రాలిపోయేవట. అందుకే ఈ సైన్యం ఎవరి కోసం చేశారో ఆ చక్రవర్తి, చైనా మొదటి చక్రవర్తి చిన్ షి హువాంగ్, సమాధి దిబ్బని ఇంకా తవ్వలేదు. భద్రంగా చూసే విద్య వచ్చాకే తవ్వుదామని ఆగారు. ఆ ఆగడం నాకు నచ్చింది.

రాత్రి రైలుకి జెంగ్‌జౌ వచ్చేశాను. శనివారం ట్రయల్ జరిగింది, మిషను బాగానే ఉంది.

అక్కడ ఆ బాబు చెయ్యెత్తాడు. భాష రాకుండా ఎలా తిరిగారు అని. గూగుల్ అక్కడ పనిచెయ్యదు నాయనా. బయలుదేరక ముందే చైనా మ్యాప్ యాప్, అనువాదం యాప్ వేసుకోవాలి. డబ్బు అంతా ఫోన్ మీదే, అలీపేకి మన వీసా కార్డు కలుపుకోవచ్చు. పర్సులో కొంచెం నోట్లూ ఉంచుకో. వీసా మాత్రం మనకి తప్పనిసరి, నాది వ్యాపార వీసా. ఇక మిగతాది, తెలియనప్పుడు ఆగి అడిగితే ఎవరో ఒకరు ఫోన్ తీసి సాయం చేశారు. మూడు రోజుల్లో ఒక్కరూ విసుక్కోలేదు.

అధ్యక్షులు టైము చూస్తున్నారు, ముగిస్తాను. ఈ సంచిలో ఆ పుస్తకం ఉంది. చైనా భాషలోనే ఉంది, మనలో ఎవరూ చదవలేం. అయినా దీన్ని ఈ గ్రంథాలయానికి ఇచ్చి వెళదామని తెచ్చాను. పదో సంపుటంలో ఎర్ర దారం పెట్టాను. ఆ పేజీలో రెండు మాటల కింద పెన్సిల్ గీత ఉంటుంది, ఆ అమ్మాయి గీసింది. ఒకటి ఆంధ్ర, ఒకటి వేంగి. లైబ్రేరియన్ గారూ, రండి, తీసుకోండి.